పీటర్ కుషింగ్

పీటర్ విల్టన్ కుషింగ్ (మే 26, 1913 – ఆగస్టు 11, 1994) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ రంగస్థల, టెలివిజన్, చలనచిత్ర నటుడు. హ్యామర్ సంస్థ నిర్మించిన భయానక చిత్రాలలో బారన్ ఫ్రాంకెన్‌స్టైన్‌గా, రక్తపిశాచాలను అంతమొందించే వాన్ హెల్సింగ్‌గా ప్రపంచ ప్రఖ్యాతి పొందాడు. 1977లో విడుదలైన స్టార్ వార్స్ చిత్రంలో గ్రాండ్ మాఫ్ టార్కిన్ పాత్రధారిగా తరువాతి తరం ప్రేక్షకులకు పరిచయమయ్యాడు. అమికస్ సంస్థ 1965 – 1974 సంవత్సరాల మధ్య నిర్మించిన భయానక కథాసంకలన చిత్రాలలో (వీటినే ఆంథాలజీ చిత్రాలు అంటారు) అధికభాగం ఈయన నటించినవే. వీటిలో ఈయన పాత్రల నిడివి చాలా తక్కువ. అయినా ఈయన నటజీవితంలో అత్యంత హృదయవిదారకమైన పాత్ర, టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్ (1972) చిత్రంలోని గ్రిమ్స్‌డైక్ అనే వృద్ధుని పాత్ర, ఇటువంటి చిత్రంలోనిదే కావడం విశేషం.

బాల్యం, విద్యాభ్యాసం

కుషింగ్ ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, కెన్లీ అనే గ్రామంలో 1913 మే 26న జన్మించాడు. తండ్రి జార్జ్ ఎడ్వర్డ్ కుషింగ్ భవన నిర్మాణాల పరిమాణాలను, వ్యయాన్ని లెక్కకట్టే వృత్తిలో ఉండేవాడు. తల్లి నెల్లీ మేరీ తివాచీల వ్యాపారి కుమార్తె. వీరికి ఇద్దరు కుమారులు. పెద్దవాడు డేవిడ్, చిన్నవాడు పీటర్. రెండవ కాన్పులో ఆడపిల్ల పుట్టాలని ఆశించిన తల్లి, పీటర్‌కు కొంతకాలం జుట్టు పొడవుగా పెంచి ఆడపిల్లల దుస్తులు తొడిగేది. తాత హెన్రీ విలియం కుషింగ్ ప్రఖ్యాత నటుడు సర్ హెన్రీ ఇర్వింగ్ నాటక బృందంతో కలిసి పర్యటించినవాడు. ఈ విధంగా నటన ఆ కుటుంబానికి కొత్త కాదు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కుటుంబం లండన్ సమీపాన డల్విచ్‌లో నివసించి, తరువాత పర్లీకి మారింది. పీటర్‌కు చదువుపై ఆసక్తి తక్కువ. చిత్రలేఖనం, నాటకాలు, బొమ్మల కొలువులు ఈయనకు ఇష్టమైన వ్యాపకాలు. పర్లీ పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు ఈయనలోని ప్రతిభను గుర్తించి, పాఠశాల నాటకాలలో ముఖ్యపాత్రలు ఇచ్చి ప్రోత్సహించాడు. తండ్రి మాత్రం నటనను జీవనాధారంగా అంగీకరించలేదు. ఆయన కోరిక మేరకు కుషింగ్ స్థానిక పురపాలక కార్యాలయంలో నక్షాలు గీసే విభాగంలో సహాయకునిగా చేరాడు. అక్కడి ఉద్యోగంలో ఉంటూనే, ఒంటరిగా ఉన్నప్పుడు నాటకాల సంభాషణలు వల్లె వేసుకునేవాడు.

రంగస్థలం, హాలీవుడ్ ప్రయాణం

లండన్‌లోని గిల్డ్‌హాల్ సంగీత, నాటక విద్యాలయంలో ఉపకారవేతనం పొంది కుషింగ్ నటనలో శిక్షణ పొందాడు. వర్తింగ్ పట్టణంలోని నాటక సంస్థలో అవకాశం కోసం దాని నిర్వాహకుడు బిల్ ఫ్రేజర్‌కు పదేపదే ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలు మానమని చెప్పడానికే ఫ్రేజర్ ఈయనను పిలిపించి, చివరకు చిన్న వేషం ఇచ్చి రంగస్థలంపైకి పంపాడు. తరువాత మూడు సంవత్సరాలు వివిధ నాటక బృందాలలో పనిచేశాడు.

1939లో తండ్రి కొనిచ్చిన ఒకవైపు ప్రయాణపు టిక్కెట్టుతో అమెరికా చేరాడు. హాలీవుడ్‌లో ది మ్యాన్ ఇన్ ది ఐరన్ మాస్క్ (1939) చిత్రంలో తొలి అవకాశం లభించింది. ఆ చిత్రంలో కథానాయకుడు లూయీ హేవర్డ్ ద్విపాత్రాభినయం చేశాడు. రెండు పాత్రలూ ఎదురెదురుగా ఉండే సన్నివేశాలలో హేవర్డ్ ఎదుట నిలబడి సంభాషణలు చెప్పడం కుషింగ్ పని. చిత్రం పూర్తయ్యేసరికి తెరపై ఆ భాగమంతా తొలగిపోతుంది. దీనితోపాటు ఒక చిన్న వేషం కూడా దక్కింది. ఆ చిత్రానికి దర్శకుడు జేమ్స్ వేల్. 1931లో హాలీవుడ్‌లో ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రాన్ని తీసినది కూడా ఈయనే. లారెల్, హార్డీ జంట నటించిన ఎ ఛంప్ ఎట్ ఆక్స్‌ఫర్డ్ (1940), విజిల్ ఇన్ ది నైట్ (1940) ఈ కాలంలో కుషింగ్ నటించిన మరికొన్ని చిత్రాలు.

రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన తరువాత స్వదేశంపై బెంగ పెరిగింది. చేతిలో ధనం లేక, చిన్నచిన్న పనులు చేసుకుంటూ, కెనడా మీదుగా 1942లో ఇంగ్లండు చేరుకున్నాడు.

వివాహం

యుద్ధకాలంలో సైనికులకు వినోదం కలిగించడానికి ఏర్పడిన నాటక విభాగంలో కుషింగ్ పనిచేశాడు. అక్కడే 1942లో నటి హెలెన్ బెక్‌తో పరిచయమైంది. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించిన ఈమె కుషింగ్ కంటే ఎనిమిదేళ్ళు పెద్దది. 1943 ఏప్రిల్ 10న వీరి వివాహం జరిగింది. వీరికి సంతానం లేదు.

యుద్ధానంతరం కొన్ని సంవత్సరాలు అవకాశాలు సరిగా రాలేదు. ఆ రోజులలో కుషింగ్ పట్టు మెడగుడ్డలపై చేతితో బొమ్మలు వేసి సంసారం గడిపాడు. భర్త ప్రతిభపై హెలెన్‌కు అచంచలమైన విశ్వాసం ఉండేది. రంగస్థలం వదలి, అప్పుడే వ్యాపిస్తున్న టెలివిజన్ వైపు దృష్టి సారించమని ఈయనకు సలహా ఇచ్చినది ఆమెయే. తన విజయాలన్నింటికీ ఆమెయే కారణమని కుషింగ్ జీవితాంతం చెప్పుకున్నాడు.

టెలివిజన్ రంగం

లారెన్స్ ఒలీవియర్ దర్శకత్వం వహించి, తానే నటించిన హామ్లెట్ (1948) చిత్రంలో కుషింగ్ ఆస్రిక్ పాత్ర ధరించాడు. అదే సంవత్సరం ఒలీవియర్ బృందంతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో పర్యటించాడు.

1952లో బి.బి.సి. ప్రసారం చేసిన ప్రైడ్ అండ్ ప్రిజుడిస్ నాటకంలో డార్సీగా నటించాడు. 1954 డిసెంబరు 12న ప్రసారమైన నైన్టీన్ ఎయిటీ ఫోర్ నాటకం ఈయనను దేశమంతటికీ పరిచయం చేసింది. జార్జ్ ఆర్వెల్ నవల ఆధారంగా రూపొందిన ఆ నాటకంలో విన్‌స్టన్ స్మిత్ పాత్రను కుషింగ్ పోషించాడు. నియంతృత్వ రాజ్యంలో చిత్రహింసలకు లోనయ్యే సామాన్యుని కథ అది. నాటకంలోని భీకర సన్నివేశాలపై బ్రిటిష్ పార్లమెంటులో సైతం చర్చ జరిగింది. కొద్దికాలానికే ఈయనకు ఉత్తమ టెలివిజన్ నటునిగా పురస్కారం లభించింది.

హ్యామర్ చిత్రాలు

హ్యామర్ సంస్థ 1957లో ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రాన్ని రంగులలో నిర్మించింది. దర్శకుడు టెరెన్స్ ఫిషర్. కుషింగ్ బారన్ ఫ్రాంకెన్‌స్టైన్‌గా, క్రిస్టఫర్ లీ ఆయన సృష్టించిన వికృతాకారునిగా నటించారు. చిత్రం ఘనవిజయం సాధించింది. మరుసటి సంవత్సరం వచ్చిన డ్రాక్యులా (1958) చిత్రంలో లీ డ్రాక్యులాగా, కుషింగ్ వాన్ హెల్సింగ్‌గా తలపడ్డారు. పతాక సన్నివేశంలో రెండు దీపపు సెమ్మెలను అడ్డంగా కలిపి శిలువ ఆకారం చేసి రక్తపిశాచాన్ని ఎదుర్కొనే ఆలోచన కుషింగ్‌దే.

బారన్ ఫ్రాంకెన్‌స్టైన్ పాత్రను ఈయన మొత్తం ఆరు హ్యామర్ చిత్రాలలో పోషించాడు. ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్ (1959) చిత్రంలో షెర్లాక్ హోమ్స్‌గా నటించి, 1968లో బి.బి.సి. ధారావాహికలో మరల అదే పాత్ర ధరించాడు. లీ, కుషింగ్ కలిసి ఇరవైకి పైగా చిత్రాలలో నటించారు. తెరపై బద్ధశత్రువులైన వీరిద్దరూ నిజజీవితంలో ప్రాణమిత్రులు.

కథాసంకలన చిత్రాలు – పూర్వరంగం

ఒకే చిత్రంలో మూడు, నాలుగు లేదా అయిదు చిన్న కథలను చెప్పి, వాటన్నింటినీ మరొక కథతో ముడివేయడం కథాసంకలన చిత్రాల లక్షణం. భేతాళ కథలు, కాశీమజిలీ కథలు చదివిన తెలుగు పాఠకులకు ఈ పద్ధతి సుపరిచితమే. భేతాళ కథలలో విక్రమార్కుడు శవాన్ని మోసుకుపోవడం ఎటువంటిదో, ఈ చిత్రాలలో ఆ ముడివేసే కథ అటువంటిది.

ఇంగ్లండులో ఈ తరహా భయానక చిత్రాలకు ఆదర్శంగా నిలిచినది ఈలింగ్ సంస్థ 1945లో నిర్మించిన డెడ్ ఆఫ్ నైట్. ఒక పల్లెటూరి బంగళాకు వచ్చిన వాస్తుశిల్పి, అక్కడున్న వారందరినీ తాను ముందే కలలో చూశానని చెబుతాడు. అతిథులు ఒక్కొక్కరు తమ విచిత్రానుభవాలను వివరిస్తారు. చివరకు ఆ కల ఎక్కడ మొదలైనదో మళ్ళీ అక్కడికే చేరుతుంది. ఈ చిత్రాన్ని నలుగురు దర్శకులు తీశారు.

అమెరికా నుండి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన మిల్టన్ సుబోట్‌స్కీ అనే నిర్మాత డెడ్ ఆఫ్ నైట్ చిత్రానికి గొప్ప అభిమాని. ఈయన మాక్స్ రోజెన్‌బర్గ్‌తో కలిసి అమికస్ సంస్థను స్థాపించాడు. లాటిన్ భాషలో ఆ మాటకు మిత్రుడు అని అర్థం. ఈ సంస్థ తొలుత యువతను ఉద్దేశించిన సంగీత చిత్రాలు నిర్మించి, తరువాత భయానక కథాసంకలనాల వైపు మళ్ళింది.

రైలుపెట్టెలో జాతకం

అమికస్ తొలి కథాసంకలన చిత్రం డాక్టర్ టెర్రర్స్ హౌస్ ఆఫ్ హారర్స్ (1965). దర్శకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్. ఈయన అంతకుముందు ఛాయాగ్రాహకునిగా ఆస్కార్ పురస్కారం పొందినవాడు. కథలు రాసినది సుబోట్‌స్కీయే.

లండన్ నుండి బయలుదేరిన రైలుపెట్టెలో అయిదుగురు ప్రయాణికులు కూర్చుంటారు. ఆఖరున మాసిన గడ్డంతో, పాత టోపీతో ఒక వృద్ధుడు ఎక్కుతాడు. పేరు డాక్టర్ ష్రెక్. జర్మన్ భాషలో ఆ మాటకు భయం అని అర్థం. ఈ పాత్రధారి కుషింగ్. తన వద్దనున్న టారో చీట్లతో ష్రెక్ ఒక్కొక్కరి భవిష్యత్తు చెబుతాడు. తోడేలు మనిషి, ఇంటిని చుట్టుముట్టే తీగ, శాపగ్రస్తమైన సంగీతం, తెగిపోయిన చేయి, రక్తపిశాచి అయిన భార్య – ఇవి అయిదు కథలు. తెగిన చేయి వెంటాడే కళావిమర్శకునిగా క్రిస్టఫర్ లీ, చివరి కథలో వైద్యునిగా అప్పటికి అంతగా పేరు లేని డొనాల్డ్ సదర్లాండ్ నటించారు. ఈ గతి తప్పించుకునే దారి ఏమిటని అడిగిన ప్రతివారికీ చివరి చీటీగా మృత్యువే వస్తుంది. రైలు ఆగిన తరువాత వారికి తెలిసేది ఏమనగా, రైలు ప్రమాదంలో వారు అప్పటికే మరణించారు. ష్రెక్ మరెవరో కాదు, మృత్యువే.

ఈ చిత్రంలో కుషింగ్ దాదాపుగా కూర్చున్న చోటు నుండి కదలడు. చీట్లు కలిపే వేళ్ళు, కనుబొమలు, మెత్తని కంఠస్వరం మాత్రమే ఆయన సాధనాలు. మృత్యువును క్రూరునిగా కాక, జరగబోయేది తెలిసి జాలిపడే వృద్ధునిగా చూపడం ఈ నటనలోని ప్రత్యేకత.

దీని తరువాత టార్చర్ గార్డెన్ (1967) వచ్చింది. సైకో నవలా రచయిత రాబర్ట్ బ్లాక్ దీనికి కథలు సమకూర్చాడు. చివరి కథలో ఎడ్గార్ ఎలన్ పో రచనలను, వస్తువులను ప్రాణప్రదంగా సేకరించే సంపన్నునిగా కుషింగ్ నటించాడు. ఆ సేకరణలోని అమూల్యమైన వస్తువు ఏమిటన్నదే ఈ కథలోని రహస్యం.

బ్లాక్ కథలతోనే ది హౌస్ దట్ డ్రిప్డ్ బ్లడ్ (1971) నిర్మాణమైంది. ఒకే ఇంటిలో వరుసగా అద్దెకు దిగిన నలుగురి కథలివి. వాటిలో మైనపు బొమ్మల కథలో, ఉద్యోగ విరమణ చేసి ఒంటరిగా కాలం గడిపే ఫిలిప్ అనే వ్యక్తిగా కుషింగ్ కనిపిస్తాడు. బొమ్మల ప్రదర్శనశాలలోని ఒక ప్రతిమలో, తాను ఒకప్పుడు ప్రేమించిన స్త్రీ ముఖం ఈ వ్యక్తికి గోచరిస్తుంది. ఈ చిత్రం తీసే నాటికే హెలెన్ ఊపిరితిత్తుల వ్యాధితో బాధపడుతున్నది.

భార్య మరణం

కుషింగ్ దంపతులకు ఇంగ్లండు ఆగ్నేయ తీరాన విట్‌స్టబుల్ అనే పట్టణంలో సముద్రానికి ఎదురుగా ఒక ఇల్లు ఉండేది. 1971 జనవరిలో హ్యామర్ సంస్థ చిత్రం బ్లడ్ ఫ్రమ్ ది మమ్మీస్ టూంబ్‌లో కుషింగ్ ఒక్కరోజు మాత్రం నటించి, భార్య పరిస్థితి విషమించడంతో వైదొలిగాడు. ఆ పాత్రను ఆండ్రూ కియర్ పూర్తిచేశాడు. 1971 జనవరి 14న హెలెన్ మరణించింది.

ఈ దెబ్బ నుండి కుషింగ్ ఎన్నడూ పూర్తిగా కోలుకోలేదు. మనిషి చిక్కిపోయాడు. చెంపలు లోతుకు పోయాయి. మరుసటి సంవత్సరం విడుదలైన డ్రాక్యులా ఎ.డి. 1972 చిత్రంలో ఈయనకు మొదట అనుకున్నది కథానాయిక తండ్రి పాత్ర. వయసుకు మించిన వార్ధక్యం ముఖంలో కనిపించడం వల్ల ఆ పాత్రను తాతగా మార్చవలసి వచ్చింది. అప్పటికి ఈయన వయస్సు 58 సంవత్సరాలు.

హెలెన్‌ను మరల కలుసుకుంటానన్న విశ్వాసంతోనే మిగిలిన కాలం గడుపుతున్నానని ఈయన దాపరికం లేకుండా చెప్పేవాడు. తోచక కాలం గడవడం కష్టమైనందున వచ్చిన పాత్రనల్లా అంగీకరించాడు. ఈయన సినీజీవితంలో అత్యధిక చిత్రాలు వచ్చిన కాలాలలో ఈ దుఃఖకాలం ఒకటి.

గ్రిమ్స్‌డైక్ పాత్ర

హెలెన్ మరణించిన సంవత్సరంలోనే అమికస్ సంస్థ టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్ చిత్రీకరణ జరిపింది. 1950 దశకపు తొలి సంవత్సరాలలో అమెరికాలో ఇ.సి. కామిక్స్ సంస్థ ప్రచురించిన బొమ్మల కథలు దీనికి ఆధారం. పిల్లల మనసులను పాడుచేస్తున్నాయన్న ఆరోపణతో 1954లో అమెరికా సెనేటు ఉపసంఘం విచారణ జరిపిన పుస్తకాలలో ఇవి ముఖ్యమైనవి. చిత్రానికి దర్శకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్. భూగర్భ సమాధులను చూడవచ్చిన అయిదుగురికి, వారి వారి పాపకృత్యాలను చూపే కాపలాదారుగా సర్ రాల్ఫ్ రిచర్డ్‌సన్ నటించాడు.

నిర్మాతలు కుషింగ్‌కు ఇవ్వదలచినది మరొక కథలోని పాత్ర. కథలన్నీ చదివిన కుషింగ్, గ్రిమ్స్‌డైక్ పాత్రను కోరి తీసుకున్నాడు. మూల రచనలో ఈ పాత్రకు సంభాషణలు దాదాపుగా లేవు. భార్య పోయిన ఈ వృద్ధుడు ఒంటరితనంలో ఏమి చేస్తాడన్న ఆలోచన నుండి కుషింగ్, ఫ్రాన్సిస్ కలిసి సన్నివేశాలను పెంచారు.

గ్రిమ్స్‌డైక్ వీధులలో చెత్త ఎత్తే పనివాడు. పారవేసిన ఆటవస్తువులను ఇంటికి తెచ్చి బాగుచేసి ఇరుగుపొరుగు పిల్లలకు పంచిపెడతాడు. కుక్కలను పెంచుకుంటాడు. రాత్రివేళ చనిపోయిన భార్య పటం ముందు కూర్చుని ఆమెతో మాట్లాడుకుంటాడు. చిత్రంలో ఆ భార్య పేరు హెలెన్. పటంలో ఉన్నది కూడా కుషింగ్ భార్య హెలెన్ ఛాయాచిత్రమే.

ఎదురింటి సంపన్నులైన తండ్రీకొడుకులకు ఈ మురికి ఇల్లు కంటగింపుగా ఉంటుంది. వృద్ధుని వెళ్ళగొట్టడానికి వారు పన్నాగం పన్నుతారు. మొదట కుక్కలను దూరం చేస్తారు. తరువాత ఉద్యోగం పోగొడతారు. ఈయన వద్దకు వెళ్ళడం ప్రమాదమని తల్లిదండ్రులలో అనుమానం రేపి పిల్లలను రాకుండా చేస్తారు. చివరకు ఫిబ్రవరి 14న, ప్రేమికుల దినాన, ఇరుగుపొరుగు వారు పంపినట్లుగా ద్వేషపూరితమైన పద్యాలతో శుభాకాంక్షల కార్డులు పంపుతారు. కార్డుల కట్టను చూసి మొదట మురిసిపోయిన వృద్ధుని ముఖం, ఒక్కొక్కటి చదువుతుండగా క్రమంగా కుంగిపోవడాన్ని కుషింగ్ మాటలు లేకుండా చూపాడు. ఆ రాత్రి గ్రిమ్స్‌డైక్ ఉరివేసుకుంటాడు. సరిగ్గా ఏడాదికి సమాధి నుండి లేచివచ్చి, హృదయం లేని ఆ యువకునికి అటువంటి కార్డుతోనే ప్రతీకారం తీర్చుకుంటాడు.

ఇందులో భయపెట్టే భాగం చివరి కొద్ది నిమిషాలు మాత్రమే. మిగిలినదంతా మనుషుల క్రూరత్వానికి సంబంధించినది. ప్రేక్షకుడు దయ్యాన్ని చూసి భయపడడు, అది ఎప్పుడు లేచి వస్తుందా అని ఎదురుచూస్తాడు. ఈ పాత్రకు ఫ్రాన్సులో జరిగిన ఒక చిత్రోత్సవంలో కుషింగ్ ఉత్తమ నటునిగా పురస్కారం పొందాడు.

తరువాతి కథాసంకలన చిత్రాలు

అసైలం (1972) చిత్రానికి రాబర్ట్ బ్లాక్ కథలు రాయగా రాయ్ వార్డ్ బేకర్ దర్శకత్వం వహించాడు. మానసిక చికిత్సాలయంలో ఉద్యోగానికి వచ్చిన యువ వైద్యుడు, అక్కడి రోగులలో మాజీ ప్రధాన వైద్యుడు ఎవరో కనిపెట్టవలసి ఉంటుంది. రోగులు చెప్పేవే కథలు. వాటిలో దర్జీ కథలో కుషింగ్ స్మిత్ అనే వ్యక్తి. చనిపోయిన కుమారుని బ్రతికించుకోవడానికి ఒక మంత్రగ్రంథం కోసం ఆస్తి అంతా ఖర్చుచేసి, విచిత్రమైన వస్త్రంతో దుస్తులు కుట్టమని పేద దర్జీని కోరుతాడు. చెల్లించడానికి మాత్రం చేతిలో చిల్లిగవ్వ మిగలదు. పోయినవారిని తిరిగి తెచ్చుకోవాలన్న ఆరాటమే ఇక్కడ కూడా ఇతివృత్తం.

ఫ్రమ్ బియాండ్ ది గ్రేవ్ (1974) అమికస్ కథాసంకలనాలలో చివరిది. దర్శకుడు కెవిన్ కానర్. ఆర్. చెట్విండ్ హేస్ రాసిన కథలు దీనికి ఆధారం. నోట్లో పొగగొట్టంతో, మెల్లగా మాట్లాడే పాతవస్తువుల దుకాణదారుగా కుషింగ్ నాలుగు కథలనూ కలుపుతాడు. ధర తగ్గించడానికి అబద్ధమాడినవాడు, వస్తువు దొంగిలించినవాడు, ధర చీటీలు మార్చినవాడు వరుసగా నాశనమవుతారు. సరైన వెల ఇచ్చిన ఒక్కడు మాత్రం ఆపద నుండి బయటపడతాడు.

అమికస్ సంస్థ నుండి విడిపోయిన తరువాత సుబోట్‌స్కీ భాగస్వామ్యంతో వచ్చిన ది అన్‌క్యానీ (1977) చిత్రంలో, పిల్లులు మనుషులపై కుట్ర పన్నుతున్నాయని నమ్మే రచయితగా కుషింగ్ నటించాడు. 1980లో హ్యామర్ హౌస్ ఆఫ్ హారర్ అనే టెలివిజన్ కథామాలికలో ఒక భాగంలో నటించాడు.

కథాసంకలన చిత్రాల ఆకర్షణ

ఈ చిత్రాలు అర్ధశతాబ్దం గడచినా ఆదరణ కోల్పోకపోవడానికి పలు కారణాలు ఉన్నాయి. మొదటిది నిడివి. భయం ఎక్కువసేపు నిలిచే రసం కాదు. దయ్యాన్ని గంటన్నర సేపు చూపితే ప్రేక్షకునికి అలవాటైపోతుంది. పావుగంట కథలో ఆ ప్రమాదం లేదు. ఒక కథ నచ్చకపోయినా మరొక కథ సిద్ధంగా ఉంటుంది.

రెండవది తారాగణం. ఒక్కొక్క కథకు కొద్ది రోజుల చిత్రీకరణ చాలు. కాబట్టి పెద్ద పారితోషికం తీసుకునే నటులను సైతం తక్కువ ఖర్చుతో ఒకే చిత్రంలో చూపగలిగారు. రాల్ఫ్ రిచర్డ్‌సన్ వంటి రంగస్థల దిగ్గజాలు ఈ చిత్రాలలో కనిపించడానికి ఇదే కారణం.

మూడవది న్యాయం. చేసిన పాపానికి తగిన శిక్ష, అదే రూపంలో తిరిగి రావడం ఈ కథలలో తరచుగా కనబడుతుంది. న్యాయస్థానం అందుకోలేని నేరాలకు ఇక్కడ సమాధి తీర్పు చెబుతుంది. పిల్లలు వినే నీతికథల నిర్మాణమే ఇక్కడ పెద్దల కోసం మారువేషం వేసుకున్నది.

లోపం లేకపోలేదు. తక్కువ వ్యవధి వల్ల పాత్రలు చాలావరకు కథలోని మలుపు కోసం కదిలే పావులుగా మిగిలిపోతాయి. ఈ లోపాన్ని పూరించగలిగిన నటులలో కుషింగ్ అగ్రగణ్యుడు. పదిహేను నిమిషాల పాత్రకు సైతం ఒక గతం ఉన్నదని నమ్మించగలగడం ఈయన విద్య. సొంత దుఃఖం తోడైనప్పుడు ఆ విద్య ఏ స్థాయికి చేరిందో గ్రిమ్స్‌డైక్ పాత్ర తెలుపుతుంది.

నటనా విధానం

కుషింగ్ పాత్రకు కావలసిన వస్తువులను, దుస్తులను తానే శ్రద్ధగా ఎంచుకునేవాడు. సంభాషణ చెబుతూ కళ్ళద్దాలు తుడవడం, చుట్ట వెలిగించడం, కాగితాలు సర్దడం వంటి చేష్టలతో సన్నివేశానికి సహజత్వం తెచ్చేవాడు. దీనివల్ల చిత్రీకరణ బృందంలో ఈయనకు వస్తువుల పీటర్ అని ముద్దుపేరు వచ్చింది. పొగాకు మరక వేళ్ళకు అంటి తెరపై కనిపించకుండా ఉండడానికి, సిగరెట్టు కాల్చేటప్పుడు చేతికి తెల్లని తొడుగు వేసుకునేవాడు. కథ ఎంత నమ్మశక్యం కానిదైనా, నటుడు మాత్రం దానిని నమ్మి తీరాలన్నది ఈయన సూత్రం.

చివరి సంవత్సరాలు

స్టార్ వార్స్ (1977) చిత్రీకరణలో టార్కిన్ పాత్రకు ఇచ్చిన బూట్లు బిగుతుగా ఉండడంతో, పాదాలు కనిపించని సన్నివేశాలలో కుషింగ్ మెత్తని చెప్పులతోనే నటించాడు. 1982లో ఈయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. ఆ తరువాత మరో పన్నెండు సంవత్సరాలు జీవించాడు. చివరి చలనచిత్రం బిగిల్స్ (1986). ఆత్మకథ రెండు భాగాలుగా 1986, 1988 సంవత్సరాలలో వెలువడింది. 1989లో బ్రిటిష్ ప్రభుత్వం ఓ.బి.ఇ. గౌరవం ఇచ్చింది.

ఒక టెలివిజన్ కార్యక్రమంలో కుషింగ్ కోరిక మేరకు ఒక గులాబీ రకానికి హెలెన్ కుషింగ్ అని పేరు పెట్టారు. 1994లో హ్యామర్ సంస్థ చరిత్రపై తీసిన కార్యక్రమానికి క్రిస్టఫర్ లీతో కలిసి వ్యాఖ్యానం చెప్పాడు. మిత్రులిద్దరూ కలిసి చేసిన చివరి పని అదే. 1994 ఆగస్టు 11న కాంటర్‌బరీలోని ఒక ధర్మశాల వైద్యాలయంలో తన 81వ ఏట కుషింగ్ మరణించాడు.

విశేషాలు

* కుషింగ్ శాకాహారి. 1987 నుండి మరణించేవరకు ఇంగ్లండులోని శాకాహార సంఘానికి పోషకునిగా ఉన్నాడు.
* నీటిరంగుల చిత్రాలు వేయడం, పక్షులను పరిశీలించడం, బొమ్మ సైనికులను సేకరించడం ఈయన వ్యాపకాలు.
* విట్‌స్టబుల్ సముద్రతీరంలో దంపతుల పేరిట ఒక బల్ల ఉన్నది. ఆ ప్రదేశాన్ని కుషింగ్స్ వ్యూ అని పిలుస్తారు.
* రోగ్ వన్ (2016) చిత్రంలో కంప్యూటర్ సహాయంతో ఈయన రూపాన్ని టార్కిన్ పాత్రకోసం పునఃసృష్టించారు.
* కథాసంకలన పద్ధతిలో వచ్చిన హిందీ భయానక చిత్రాలలో, తెలుగువాడైన రామ్ గోపాల్ వర్మ నిర్మించిన డర్నా మనా హై (2003) పేర్కొనదగినది.

కుషింగ్ నటించిన కథాసంకలన చిత్రాలు

* డాక్టర్ టెర్రర్స్ హౌస్ ఆఫ్ హారర్స్ (1965) – డాక్టర్ ష్రెక్
* టార్చర్ గార్డెన్ (1967) – పో రచనల సేకర్త
* ది హౌస్ దట్ డ్రిప్డ్ బ్లడ్ (1971) – ఫిలిప్
* టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్ (1972) – గ్రిమ్స్‌డైక్
* అసైలం (1972) – స్మిత్
* ఫ్రమ్ బియాండ్ ది గ్రేవ్ (1974) – దుకాణదారు
* ది అన్‌క్యానీ (1977) – రచయిత